పిన్ని వెతికిన సూప్

అమ్మకు,

తిండియావతో పిన్నిని ఊళ్ళు తిప్పుతున్నానని నన్నే ఆడిపోసుకుంటున్నావట. కారు నడిపేది నేనే కానీ, దారి చెప్పేది నీ చెల్లెలు. "చచ్చేలోగా ఒక్కసారైనా పెద్ద హోటల్లో తినాలే" అని నన్ను బయలుదేరదీసింది.

మొదటి హోటల్లోనే అనుమానం వచ్చింది. అంత పెద్ద మెనూలో టమాటా సూప్ ఒక్కటే అడిగింది. ఒక చెంచా తాగి, "ఇది కాదు, పదవే" అంది. రెండో హోటల్లోనూ అదే తంతు. పిన్నికి నోరు చెడిందా, మతి చెడిందా అనుకున్నాను.

ఇవాళ మూడో హోటల్లో గిన్నె ఖాళీ చేసి, వేలితో తుడిచి మరీ నాకింది.

"మిరియాల దగ్గర మీ బాబాయి చెయ్యి ఇప్పటికీ ఆగదు" అంది.

ఇల్లు వదిలిపోయిన బాబాయి ఈ దారిలో ఏదో హోటల్లో వంటమాస్టరుగా ఉన్నాడని ఆవిడకు తెలిసిందట. నీకు తెలిస్తే కదలనివ్వవని నా దగ్గరా దాచింది. బిల్లు తెచ్చినతనితో, "ఇంకో గిన్నె కావాలి. వండినాయన్నే తెమ్మను" అంది.

బాబాయే తెచ్చాడు. ఆవిణ్ణి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. పిన్ని పక్క కుర్చీ వెనక్కి లాగి, "కూర్చో, చల్లారిపోతుంది" అంది.

పిన్నిని వెంటనే తీసుకురమ్మన్నావు. తీసుకురాను.

నీ కూతురు