మాట్లాడే వర్షన్

జూన్ 9, సోమవారం. ఉదయం

రాత్రి 2:40కి నా ఫోన్ అప్‌డేట్ అయింది. ఏడింటికి నా వార్తకు ఉన్న ఒకే సాక్షి వాల్యా ఫోన్ చేశాడు. ఎత్తగానే మా ఇద్దరి మధ్య ఒక ఆడగొంతు ఇంగ్లీషులో పలికింది, ఈ కాల్ రికార్డ్ అవుతోందని. ఎవలక్కా గామె అన్నాడు వాల్యా. నేను నోరు తెరిచేలోపు పెట్టేశాడు. ఇప్పుడు స్విచాఫ్.

అప్‌డేట్ దానంతట అది కాలేదు. పడుకునే ముందు కళ్లజోడు లేకుండా ‘తర్వాత’కు బదులు ‘ఈ రాత్రికి’ నొక్కాను. రెండేళ్లుగా ‘తర్వాత’ నొక్కుతూ వచ్చాను. పాత వర్షన్ కాల్స్‌ని చప్పుడు లేకుండా రికార్డ్ చేస్తుంది. కొత్తది ముందుగా అవతలివాళ్లకు చెప్తుంది. జనగామలో నాకు తెలిసిన రిపోర్టర్లు సగం మంది ఈ ఒక్క కారణంతో పాత ఫోన్లను వదలరు. పొద్దున ఒక మాట చెప్పినవాడు సాయంత్రానికి నేను అనలేదంటాడు. అప్పుడు మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

జూన్ 9. రాత్రి

తెలిసినంత వరకు రాసుకుంటున్నాను.

భూక్యా కృష్ణ. పెద్దవంగర మండలంలో ఒక తండా. భూపాలపల్లి దగ్గర కంకర క్వారీలో కూలి. ఏప్రిల్‌లో చనిపోయాడు. తాగి రోడ్డు మీద పడుకుంటే గుర్తుతెలియని బండి ఎక్కిందని క్వారీ మేనేజర్ ఫిర్యాదు ఇచ్చాడు. కాగితాల్లో అదే ఉంది. భార్య సక్రి ఒప్పుకోదు. కృష్ణ తాగడు. శవానికి స్నానం చేయించినవాళ్లు ఒంటి మీద, చెవుల్లో కంకర పొడి ఉందన్నారు. రోడ్డు మీద అంత పొడి ఉండదు.

వాల్యా అదే క్వారీలో టిప్పర్ హెల్పర్. దేవరుప్పుల వైపు తండా. కృష్ణ చనిపోయింది క్వారీ గేటు లోపల అని నాకు చెప్పినవాడు ఇతనొక్కడే. పేరు రాయొద్దన్నాడు. భూపాలపల్లిలో కార్మిక శాఖ విచారణ 24న. వాల్యా రాకపోతే సక్రి చేతిలో చెప్పుకోవడానికి పొడి తప్ప ఏమీ లేదు.

జూన్ 10

స్విచాఫ్.

జూన్ 11, బుధవారం

వాల్యాను వెతుక్కుంటూ దేవరుప్పుల పోతే, పెద్దవంగర పోయిండు, సక్రి చెల్క దున్నుతున్నడు అని ఇంట్లో చెప్పారు. బండి అటు తిప్పాను.

సక్రి గట్టు మీద కూర్చుని పత్తి గింజల సంచి కుట్టు విప్పుతోంది. వాల్యా ట్రాక్టర్ మీద. పిలగాడు మంచోడు బిడ్డా అంది. పైసలు తీసుకోడు. రొట్టె పెడితే తినడు, నీళ్లు గూడ మా ఇంట్ల ముట్టడు, గిదేం కథనో అంది. నవ్వింది కానీ ఆ మాట ఆమెను గుచ్చుతున్నట్టే ఉంది. మళ్లీ పాత మాటే అడిగింది: నాకేమిచ్చినా ఇయ్యకున్నా మంచిదే, ఆయన యాడ పానం ఇడిసిండో ఆ జాగ చూపియ్యమను, తాగి సచ్చిండు అన్న మాట తీసెయ్యమను.

వాల్యా ఇంజన్ ఆపలేదు. ఆ చప్పుడులోనే మాట్లాడాడు. ఏందక్కా, కొత్తగ పీఏను పెట్టుకున్నవా, ఇంగ్లీషుల మాట్లాడవట్టె అన్నాడు. ఫోన్ అప్‌డేట్ అయిందని చెప్పాను. మరి ఇన్నిదినాలు ఆమె యాడున్నదని అడిగాడు. అది కొత్త వర్షన్‌లో వచ్చిందన్నాను. అంటే ఆమె పలుకుతె ఎక్కుతది, పలుకకపోతె ఎక్కది, అంతేనా అన్నాడు.

కొత్త వర్షన్‌లో అంతే అన్నాను.

నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అతను అడిగినదానికి జవాబు కూడా లేదు. అతనికి తెలియకుండా రికార్డ్ అయిన పాత కాల్స్ తొమ్మిది నా దగ్గర ఉన్నాయి.

జూన్ 12

స్టేషన్ రోడ్డులో ఖలీల్ షాపు. నా ఫోన్లన్నీ అతనే చూస్తాడు. ఆ ఇంగ్లీషు గొంతు పోవాలన్నాను.

పాత వర్షన్‌కు దింపుదామంటే కుదరదట. ఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అదే ఫర్మ్‌వేర్, కొత్తది వచ్చేటప్పుడు లోపల ఒక నంబర్ పెంచుతుంది. దానికంటే తక్కువ నంబరున్న ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే ఫోన్ మళ్లీ లేవదు. కిందికి దిగుతనంటె మెట్లు తీసేసిండ్రు స్వరూపక్కా అన్నాడు. మిగిలింది రూట్ చేయడం. ఇదే వర్షన్ మీద ఉండి, కంపెనీ వేసిన తాళం తీసి, లోపలికి పోయి ఆ గొంతు మూసేయాలి. తాళం తీస్తే ఫోన్ మొత్తం చెరిగిపోతుంది. కంపెనీ ఒక్కో దేశానికి ఒక్కో రకం ఫర్మ్‌వేర్ వేస్తుంది, దాన్ని బిల్డ్ అంటారట; రూట్‌కు వాడే ఫైలు ఈ ఫోన్‌లో ఉన్న బిల్డ్‌దే అయి ఉండాలి, ఒక్క అక్షరం తేడా వచ్చినా ఫోన్ మొండికేస్తుంది. తర్వాత బ్యాంక్ యాప్ తెరుచుకోదు.

గంతా చేసి ఆమె నోరు మూపిచ్చుడు అవసరమా, మంచిగనే మాట్లాడుతున్నది గద అన్నాడు. చెయ్ అన్నాను. పాత కాల్స్ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని ఫోన్ అతని చేతిలో పెట్టాను.

జూన్ 13. రాత్రి

షాపు నుంచి తెచ్చిన ఫోన్‌లో కంపెనీ లోగో వస్తోంది. ఆరిపోతోంది. మళ్లీ లోగో.

జూన్ 14

ఖలీల్ తీసుకున్నది గ్లోబల్ బిల్డ్ ఫైలు. నాది ఇండియా బిల్డ్. అంకెలన్నీ అవే, మధ్యలో అక్షరాలు వేరు. గీ కంపెనోళ్లకు పనిలేదు అని తిట్టుకుంటూ సరైనది ఎక్కించాడు. నా ఎదుటే అతని ఫోన్ నుంచి కాల్ చేశాడు. ఆ ఆడగొంతు పలకలేదు. అతను హలో హలో అన్న రెండు హలోలూ రికార్డ్ అయ్యాయి.

ఫోన్ చచ్చి ఉన్న రాత్రి వాల్యా రెండుసార్లు చేసినట్టు మెసేజ్‌లు ఇప్పుడు వచ్చాయి. తిరిగి చేశాను. ఎత్తలేదు. ఏం చెప్పాలనుకున్నాడో.

జూన్ 15

బ్యాంక్ యాప్ తెరుచుకోలేదు. ఈ డివైజ్ సురక్షితం కాదంటోంది. ఇస్మాయిల్ భాయ్ హోటల్లో టీ తాగి జేబులు వెతుక్కుంటుంటే, పోనీ మేడం, మా ఫొటో ఒకటి పేపర్ల వేసి చెల్లు చెయ్యుండ్రి అన్నాడు. అందరూ నవ్వారు.

జూన్ 17, మంగళవారం

మధ్యాహ్నం పన్నెండున్నరకు వాల్యా చేశాడు. ఎత్తాను. అవతల ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఆ గొంతు కోసం ఆగాడు. అది రాలేదు.

ఇయ్యాల ఆమె లేదా అన్నాడు.

చెప్పు వాల్యా అన్నాను నేను. ఆ రెండు మాటలే అన్నాను. రికార్డింగ్‌లో ఉన్నాయి, మూడుసార్లు విన్నాను.

ఆమె లేకుంటె మంచిదే, గిది నీ చెవులనే ఉండాలె అక్కా అని మొదలుపెట్టాడు. ఆ రోజు డ్రైవర్ పనికి రాలేదు. లోడ్ ఆగొద్దు, నువ్వే ఎన్కకు తియ్యి అని మేనేజర్ అన్నాడు. నాకు లైసెన్స్ లేదంటె, క్వారీల ఎవడు అడుగుతడ్రా అన్నాడు. వెనక కృష్ణ ఉన్నాడు. చెయ్యి ఊపుతూ దారి చూపిస్తున్నది కృష్ణే. అద్దంలో ఊపే చెయ్యి కనబడింది, తర్వాత కనబడలేదు. పొడి లేచింది, పక్కకు జరిగిండనుకున్న అన్నాడు. శవాన్ని రోడ్డు మీదికి మోసిన నలుగురిలో అతనూ ఉన్నాడు.

నేనే అక్కా, బండి నేనే తీసిన అని రెండుసార్లు అన్నాడు. ఎవరికీ చెప్పకు అన్నాడు. పెట్టేశాడు.

ఆరు నిమిషాల ఆడియో. సక్రి అడిగినవన్నీ అందులో ఉన్నాయి. చోటు, బండి, మేనేజర్ మాట.

జూన్ 18

మా బ్యూరో ఇన్‌చార్జ్ శ్యాంకు చెప్పాను. ఆడియో వినిపించలేదు. ఉందని మాత్రం చెప్పాను.

రేపు మెయిన్ పేజీ అన్నాడు. పేరు తీసేద్దాం, వెబ్‌సైట్‌ల గొంతు మార్చి పెడదాం అన్నాడు. ఆ క్వారీలో లైసెన్స్ లేని హెల్పర్ ఒక్కడే, పేరు తీసినా అదే పేరు అన్నాను. చెప్పింది నిజమా కాదా అని అడిగాడు. నిజమే. సక్రి మొగడు తాగి సచ్చిండన్న మాట పోతదా పోదా? పోతుంది. మరింక నువ్వు పేపర్ల పనిచేస్తున్నవా, పెద్దమనుషుల పంచాయితీ చేస్తున్నవా స్వరూపా అన్నాడు. ఫైల్ పంపు అన్నాడు.

పంపలేదు. శ్యాం అన్నదాంట్లో తప్పేమీ కనబడటం లేదు. నిద్ర పట్టడం లేదు.

జూన్ 19

శ్యాం నాలుగుసార్లు చేశాడు. ఎత్తలేదు. అవి కూడా మిస్డ్ కాల్స్‌గా చక్కగా నమోదయ్యాయి.

జూన్ 20, శుక్రవారం

దేవరుప్పుల. ఊరి బయట కల్వర్టు మీద కూర్చున్నాం. ఫోన్ మధ్యలో పెట్టి ప్లే నొక్కాను.

వాల్యా మొదట తన ఊపిరి గుర్తుపట్టలేదు, ఎవరిదో అన్నట్టు విన్నాడు. ఇయ్యాల ఆమె లేదా అన్న చోట తల ఎత్తి నా వైపు చూశాడు. మిగతా ఆడియో అయ్యేదాకా నా వైపు చూడలేదు.

ఆమె ఏమాయె అని అడిగాడు. జనగామలో నోరు మూయించానని చెప్పాను. ఎలాగో కూడా చెప్పాను. పాత తొమ్మిది కాల్స్ సంగతీ చెప్పాను. గా మిషినుకున్న నీతి గూడ నీకు లేకపాయెనా అక్కా అన్నాడు. గొంతు పెంచలేదు.

డిలీట్ ఎక్కడుందో చూపించి ఫోన్ అతని చేతికిచ్చాను. చాలాసేపు పట్టుకున్నాడు. నొక్కలేదు. గిది తుడిస్తె సక్రక్క ముంగట ఏం పెడతవ్ అన్నాడు. ఏమీ లేదన్నాను. పెడితె నేను జైలుకు, అంతేగద అన్నాడు. కేసు అవుతుంది, మేనేజర్ మీద కూడా అవుతుంది, ఎవరికెంత అన్నది నేను చెప్పలేనన్నాను. తెలిసిన వకీలు నంబర్ ఇచ్చాను.

లేచేటప్పుడు అన్నాడు. గిట్ల దొంగతనంగ దొరికిన మాట నాది కాదు. అది నువ్వేం జేస్కుంటవో చేస్కో. చెప్పేదుంటె ఆమె మాట్లాడినంక చెప్త. చెప్తనో చెప్పనో గది గూడ నాకు తెల్వది.

జూన్ 22, ఆదివారం

ఖలీల్‌ను రూట్ తీసేయమన్నాను. పెండ్లయిన వారానికే విడాకులా అక్కా అన్నాడు. కంపెనీ ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించి తాళం వేయాలి, లోపలివన్నీ మళ్లీ చెరిగిపోతాయి. ఏ వర్షన్ ఎక్కించాలని అడిగాడు. నాలుగు రోజుల క్రితం ఇంకో కొత్తది వచ్చిందట. దాని తాళం తీసే తోవ ఎవరికీ ఇంకా దొరకలేదు. అందుకే మొన్నటిదే ఎక్కిస్తా, రేపు మనసు మారితె పనికొస్తది అన్నాడు.

కొత్తదే ఎక్కించమన్నాను.

బ్యాకప్ తియ్యాల్నా, పనికొచ్చేది ఏమన్న ఉన్నదా అన్నాడు. ఉందన్నాను. తీయొద్దన్నాను. ల్యాప్‌టాప్‌లోని పాత తొమ్మిది కాల్స్ పొద్దునే తుడిచేశాను.

తెర మీద బార్ నిండటానికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఒకసారి ఆపమందామనుకున్నాను. ఆపితే ఫోన్ డెడ్ అవుతుంది. వాల్యా రాకపోతే నేను చేసిన పని సక్రికి ఏమని చెప్పాలో తెలియదు.

జూన్ 23

శ్యాంకు ఆడియో లేదని చెప్పాను. ఇరవై ఏళ్ల సర్వీసుల గింత పెద్ద పిచ్చిపని చూడలేదన్నాడు. నేనూ చూడలేదు.

సక్రి ఫోన్ చేసింది. ఆ గొంతు ఆమెకూ మాట్లాడింది. గిదెవరు బిడ్డా, నీ కోడలా అంది. రేపు సాక్షి వస్తాడా అని అడిగింది. తెలియదన్నాను.

జూన్ 24, మంగళవారం

ఉదయం 5:50. వాల్యా. గొంతు పలికింది. అది అయిపోయేదాకా ఆగాడు. తన పేరు, తండ్రి పేరు, తండా పేరు చెప్పాడు. ఆ తర్వాత మొదటి నుంచి అంతా చెప్పాడు. వెనక బస్సు హారన్లు.

ఫోన్ చేసింది పెద్దవంగర బస్టాపు నుంచి. అతని టికెట్‌కు చిల్లర కోసం సక్రి కొట్టుకు పోయిందట. బండి తీసింది తనేనని ఆమెకు ఇంకా చెప్పలేదు. హన్మకొండలో బస్సు మారినాక, భూపాలపల్లి బస్సులో కూర్చున్నాక చెప్తాడట.

బస్సు 6:15కి. విచారణ 11కి.