ఇంతకీ తొట్టిలో ఉన్నది ఎలా ఉంటుంది?

వదినకు నమస్కారాలు.

మీరూ, అన్నయ్యా, అమ్మా కులాసా అని తలుస్తాను. ఇక్కడ నేనూ, నా ప్రెస్సూ దగ్గుకుంటూ నడుస్తున్నాం.

అసలు సంగతి చెబుతాను. ‘తొట్టిలో ఉన్నది’ అనే సినిమా గురించి వినే ఉంటారు. రోదసిలో తిరిగే ఓడ, అందులో మంచినీళ్ళ తొట్టి, ఆ తొట్టిలోంచి ఏదో లేచి ఓడలోవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ మింగుతుంది. జనం ఎగబడి చూస్తున్నారు. దాన్ని నవలగా వేసే హక్కు మన ప్రెస్సుకే దక్కింది. రాయాల్సింది మీరే.

మీరు అడగబోయేది నాకు తెలుసు. ఇంతవరకు మీరు నవలలుగా మార్చిన సినిమాలన్నీ మన మీసాల రచయిత పేరు మీదే వచ్చాయి. అట్ట వెనక ఫోటో కూడా ఆయనదే. ఈసారి మీ పేరు, మీ ఫోటో వేస్తాను. మాట ఇస్తున్నాను. కాకపోతే సినిమా దర్శకుడు ఒక్క షరతు పెట్టాడు. తొట్టిలో ఉన్నదాన్ని చదివినవాడి ఒళ్ళు జలదరించేలా వర్ణించాలట. అది ఆయనకి నచ్చితే మీ పేరు, నచ్చకపోతే మళ్ళీ మీసాలే.

ముగ్గురికీ టికెట్లు పంపుతున్నాను.

మీ మరిది

తా.క. మీసాల రచయితంటే గుర్తుంది కదా, మన ఆఫీసు ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చినప్పుడు ఫోటో తీశాం. ఇప్పుడాయన ఫ్యాన్లు మానేసి సంతకాలు పెడుతున్నాడు.

*

మరిదికి ఆశీస్సులు.

టికెట్లు చూడగానే మీ అమ్మగారు చెప్పులు వేసుకుని గుమ్మంలో కూర్చున్నారు. ఆట రేపండీ అని నచ్చజెప్పి లోపలికి తెచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

సినిమా చూశాం. మొదటి అధ్యాయాలు దీంతో పంపుతున్నాను. నాకొకటి అర్థం కాలేదు. ఆ ఓడలో అంతమంది ఏళ్ళ తరబడి కాపురం చేస్తున్నారు కదా, ఒక్కళ్ళూ అంట్లు తోమినట్టు చూపించలేదేం? కెప్టెను చొక్కా చివరిదాకా నలగలేదు, మరి ఇస్త్రీ ఎవరు చేస్తున్నట్టు? ఆ లోటు నేను పూడ్చాను. వంటాయనకీ ఇంజనీరమ్మకీ అంట్ల దగ్గర వచ్చిన గొడవే ఒక అధ్యాయమంతా నడిచింది. అది చదివి మీ అన్నయ్య లేచి వెళ్ళి తన కంచం తను కడుక్కున్నారు. సైన్సు నవలకి ఇంతకన్నా శక్తి ఏం కావాలి?

తొట్టిలోంచి అది లేచే ఘట్టం కూడా రాశాను. పేజీ మధ్యలో ఉంటుంది, జాగ్రత్తగా చూడు.

నీ వదిన

తా.క. అట్ట మీద ఫోటోకి నీలం చీర కట్టుకోనా, పచ్చదా? మీ అన్నయ్యని అడిగితే పేపర్లోంచి తలెత్తకుండా ‘ఊఁ’ అన్నారు. ‘ఊఁ’ ఏ రంగో నువ్వే చెప్పు.

*

వదినకు,

అంట్ల అధ్యాయం అద్భుతం. అక్షరాలు పేర్చే మా కంపోజిటరు కళ్ళు తుడుచుకున్నాడు. కానీ ఆ ఘట్టం వెతికి పట్టుకునేసరికి నాకు చెమటలు పట్టాయి. మీరు రాసింది రాసినట్టు మళ్ళీ కింద రాస్తున్నాను:

“అది వచ్చింది. దాని పని చూసుకుని వెళ్ళింది.”

ఇంతేనా వదినా? కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన మనిషి గురించి కూడా మీరు ఇంతకన్నా ఎక్కువ రాస్తారే! దానికి తల ఉందా? ఉంటే ఎన్ని? పాకుతుందా, నడుస్తుందా? దర్శకుడు చూసే లోపల బాగుచెయ్యండి, మీకు పుణ్యముంటుంది.

మీ మరిది

తా.క. నీలం.

*

మరిదికి ఆశీస్సులు.

నీ దగ్గర దాపరికం ఎందుకు? అది లేచే సమయానికి నా కొంగు నా కళ్ళ మీద ఉంది. ఆ నీళ్ళ గుడగుడ మొదలవగానే చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది. ఆ తరవాత ఎప్పుడు గుడగుడ వినబడినా అంతే.

కంగారుపడకు. మీ అన్నయ్య కళ్ళార్పకుండా చూశారట. “ఇలాంటివి నన్నేం చేస్తాయి, రోజూ జనం నోళ్ళలోకి చూసేవాణ్ణి” అన్నారు. పళ్ళ డాక్టరు కదా, పూసగుచ్చినట్టు చెప్పారు. దానికి మూడు వరసల పళ్ళు. పై వరస ఎత్తుగా ఉంది. ఎడమ వైపు దవడ పన్ను పుచ్చింది, అందుకే కుడివైపునే నముల్తోంది. దాని కోపానికి కారణం ఆ పన్నేనట, సమయానికి సిమెంటు వేయించుకుని ఉంటే ఎవర్నీ మింగేది కాదట. అధ్యాయమంతా మార్చి రాసి పంపుతున్నాను.

అత్తయ్య చెప్పింది కూడా తరవాతి అధ్యాయంలో చేర్చాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశారట.

నీ వదిన

తా.క. అత్తయ్య లెక్కప్రకారం దానికి అసలు పళ్ళే లేవు. ఈ సంగతి మీద తల్లీకొడుకులు మాట్లాడుకోవడం మానేశారు. మధ్యలో కాఫీలు మోసేది నేను.

*

వదినకు,

నాకు పిచ్చెక్కేలా ఉంది. ఐదో అధ్యాయంలో దానికి మూడు వరసల పళ్ళు. ఆరో అధ్యాయంలో బోసి నోరు. పైగా అది చప్పుడు చెయ్యకుండా వంటగదిలోకి వచ్చి, గిన్నెల మూతలన్నీ ఎత్తి చూసి, పెదవి విరిచి, తరవాత మనిషిని మింగుతుంది. వదినా, ఇది అచ్చం మా పెద్దత్త! అమ్మకి ఆవిడంటే ఇంకా కోపం పోలేదా? పెద్దత్త మన పుస్తకాలన్నీ కొని చదువుతుంది, నా కొంప ముంచకండి.

తొట్టిలో ఉన్నది ఒక్కటే. దాన్ని ఒక్కలాగే రాయండి. పెద్దమనసు చేసుకుని ఇంకోసారి సినిమాకి వెళ్ళి, ఈసారి కళ్ళు తెరుచుకుని చూడండి.

నేను చూశాను కదా, నేనే చెప్పొచ్చు కదా అంటారేమో. చెప్పొచ్చు. కానీ ప్రచురణకర్త రచయిత ఊహకి అడ్డు రాకూడదు. అది నా నియమం.

మీ మరిది

తా.క. ఈ నియమం ఎప్పట్నుంచి అని అడగొద్దు.

*

మరిదికి,

మళ్ళీ వెళ్ళాం. కొంగు నడుముకి బిగించి కట్టుకున్నాను, కళ్ళ దాకా రాకుండా. గుడగుడ మొదలైంది. చేతులున్నాయిగా, అవి వచ్చాయి.

అయినా ఈసారి ఒక కన్ను తెరిచాను. తెర వైపు కాదు, అంత ధైర్యం నాకెక్కడిది? మీ అన్నయ్య వైపు తెరిచాను. హాలు ఎందుకో మరీ కటికచీకటిగా ఉంది. తలుపు మీది ఎర్రదీపం వెలుగులో కనిపించిందేమిటంటే, జనం నోళ్ళలోకి చూసే మొనగాడు వాళ్ళమ్మ భుజంలో మొహం దాచుకున్నారు. ఆవిడ శాలువా తల మీదుగా కప్పుకున్నారు. ఇద్దరూ వణుకుతున్నారు. ఆ మూడు వరసలూ, ఆ బోసి నోరూ శుద్ధ అబద్ధం! ఇంటికొచ్చి నిలదీస్తే, ఇన్నాళ్ళకి తల్లీకొడుకులు మళ్ళీ ఒకటై నన్ను కసిరారు.

వచ్చేముందు హాల్లో టార్చి పట్టుకునే ఆయన్ని అడిగాను. “గుడగుడ అనగానే నేను టీకి వెళతానమ్మా. అప్పుడు లైటు వేసినా ఎవరూ చూడరు” అన్నాడు. పైన సినిమా ఆడించే ఆపరేటరు దగ్గరికి వెళ్ళాను. ఆయన స్టూలు మీద కాళ్ళు చాపి నవల చదువుకుంటున్నాడు. నా నవలే! అట్ట వెనక మీసాలు. “ఈయన మహానుభావుడమ్మా. ఇంట్లో ఆడవాళ్ళు అంట్లు తోముతూ మనసులో అనుకునేది కూడా రాసేస్తాడు. ఎలా తెలుస్తుందో!” అన్నాడు.

నాకు ఎంత సంతోషం వేసిందో, అంత కడుపు రగిలింది. అది రాసింది నేనేనయ్యా అని నోటిదాకా వచ్చింది. చెబితే నమ్ముతాడా? మీసాలేవమ్మా అంటాడు. మెట్లు దిగుతూ కళ్ళు తుడుచుకున్నాను. ఈసారి నా పేరు ఉండాలి మరిదీ. అది నాకు కావాలి.

కనక నీ నియమం గట్టున పెట్టి, చూసింది చెప్పు.

నీ వదిన

తా.క. అసలు నువ్వు చూశావా?

*

వదినకు,

చూడలేదు.

మొదటి ఆటకి దర్శకుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. గుడగుడ అనగానే కళ్ళు గట్టిగా మూసుకుని, ఆగిపోయాక చప్పట్లు కొట్టాను. ఆయన నా వైపు ఎందుకో అనుమానంగా చూశాడు. నిన్న ఆయన్నే అడుగుదామని ఫోన్ చేస్తే, “చూసినవాళ్ళు రాయాలండీ, నేను చెప్పకూడదు” అని పెట్టేశాడు.

“ఇలాంటి భయంకర జీవిని తెర మీద ఇంతవరకు ఎవరూ చూడలేదు” అని పేపర్లో రాసిన విమర్శకుణ్ణి అడిగాను. చాలాసేపు నసిగాడు. చివరికి, “నేను రాసినదాంట్లో అబద్ధం లేదండీ” అన్నాడు.

ఇక చేసేదేమీ లేదు. మీకు తోచినట్టు రాసెయ్యండి. దర్శకుడు పట్టుకుంటే ఇద్దరం మునుగుతాం.

సిగ్గుతో,
మీ మరిది

తా.క. కళ్ళు మూసుకున్న సంగతి మా ఆవిడకి చెప్పకండి. తను నా చెయ్యి పట్టుకుంటేనే భయం పోయిందని అందరికీ చెబుతోంది.

*

మరిదికి ఆశీస్సులు.

చివరి అధ్యాయం, నీలం చీరలో నా ఫోటో దీంతో పంపుతున్నాను. మీ అన్నయ్య చెప్పిన పళ్ళు ఉంచాను. మీ పెద్దత్త మూతలెత్తే అలవాటూ ఉంచాను, అది నిజంగానే భయంగా ఉంటుంది. మొహం ఒక్కటే తేలలేదు. ఎన్నాళ్ళుగానో నన్ను మింగుతున్నది ఎవరా అని ఆలోచించాను. నా పాత పుస్తకం తిరగేసి, ఆ ఫోటో ఎదురుగా పెట్టుకుని రాశాను.

దానికి మీసాలు పెట్టాను. తొట్టి నీళ్ళలోంచి ముందు అవే లేస్తాయి, తడిసి, కారుతూ, రెండు వైపులా. కనబడినవాళ్ళందరి పేర్లూ తనవేనంటుంది. పేరు పోయిన మనిషిని మింగుతుంది.

ఇది రాస్తున్నప్పుడు నాకే ఒళ్ళు జలదరించింది. నచ్చకపోతే మీసాలాయన పేరే వేసుకో. నేను ఏడవను. కొంచెం ఏడుస్తానేమో.

నీ వదిన

తా.క. ఈ అధ్యాయం చదివాక మీ అన్నయ్య నిద్రలో కలవరించి లేచి మూతలన్నీ సరిగ్గా పెట్టొచ్చారు.

*

మహారచయిత్రి వదినకు సాష్టాంగ నమస్కారాలు.

ఆలస్యానికి క్షమించండి, పుస్తకం అచ్చయ్యేదాకా కావాలనే ఆగాను. ఈ ఉత్తరం కూర్చుని చదవండి.

మీ రాతప్రతి దర్శకుడికి పంపిన మర్నాడే ఆయన ప్రెస్సుకి పరుగెత్తుకొచ్చాడు. తలుపు వేశాడు, గడియ పెట్టాడు. “నిజం చెప్పండి. ఆవిడ దీన్ని ఎక్కడ చూశారు?” అన్నాడు. దొరికిపోయాం, పేరు పోయింది అనుకుని ఉన్నదంతా కక్కేశాను. అందరి కొంగులూ, శాలువాలూ, చేతులూ.

ఆయన కుర్చీలో కూలబడి నవ్వాడు. తరవాత ఏడ్చాడు. వదినా, తొట్టిలో ఏమీ లేదు!

దాని కోసం చేయించిన రబ్బరు తొడుగు ఎండకి కరిగి ముద్దైపోయిందట. ఇంకోటి వచ్చేదాకా ఉండనీ అని ఆ ఘట్టాలన్నిట్లో నల్లటి తెర పెట్టి గుడగుడ ఒక్కటే వినిపించారు. ఇంతలో విడుదల రోజు వచ్చేసింది. జనం తంతారని ఆయన మొదటి ఆటకి వణుకుతూ వచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేనేమో చప్పట్లు కొట్టాను! ఇన్ని వారాలుగా హాళ్ళు నిండుతున్నాయి, ఒక్కరూ ఇదేమిటని అడగలేదు. తొట్టిలో ఉన్నదాన్ని వర్ణించాలని పెట్టిన ఆ షరతు కూడా, ఎవరైనా చూశారేమో తెలుసుకోవడానికేనట.

“చూడకుండా ఇంత బాగా రాసిందా ఆవిడ! నాకు కావల్సింది ఇదే” అన్నాడు. ఇప్పుడు మీరు రాసినట్టే దాన్ని తయారుచేసి సినిమాలో అతికించారు. మొహానికి సరిపడే మనిషి కోసం ఎక్కువ వెతకలేదు. మీ పాత పుస్తకం వెనక ఫోటో ఉంది కదా. ఫ్యాన్ల మెకానిక్కు ఒక్క మాటకే ఒప్పుకున్నాడు.

అందుకని మన అట్ట ఇలా కుదిరింది: ముందు వైపు తొట్టిలో మీసాలు, వెనక వైపు నీలం చీరలో మీరు. పేరు పైన, పెద్దక్షరాల్లో. నేనే కంపోజు చేశాను, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

మీ మరిది

తా.క. పెద్దత్త పుస్తకం చదివింది. “పాపం, అడుగంటుతోందేమోనని మూత ఎత్తి చూసింది, దానికే చంపెయ్యాలా?” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బతికిపోయాను.

ఇంకో తా.క. మార్చిన సినిమా నిన్న విడుదలైంది. మీరు చూసిన హాలుకే వెళ్ళాను. ఎలా ఉందో అడగొద్దు, కళ్ళు మూసుకున్నాను. టార్చి ఆయన టీకి వెళ్ళాడు. ఆట అయ్యాక పైకెళ్ళి మీ పుస్తకం ఆపరేటరు చేతిలో పెట్టి, మీసాల పుస్తకాలు రాసిందీ ఈవిడేనని చెప్పాను. ఆయన వెనక్కి తిప్పి మీ ఫోటో చాలాసేపు చూశాడు. “నేను అనుకుంటూనే ఉన్నానండీ. మీసాలున్నవాడికి అంట్ల సంగతి ఇంత బాగా ఎలా తెలుస్తుంది?” అన్నాడు.