మిషన్ తలకి మోటారు

జూన్ 2

మామయ్య షెడ్డులోని ఇనుము చెక్కే మిల్లింగ్ మిషన్ అమ్మేస్తారట. భోజనం దగ్గర, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా చెప్పారు.

భుజం పట్టేసినప్పటి నుంచి ఆయన షెడ్డులో అడుగు పెట్టడం లేదు. కటర్ ఉండే మిషన్ తల చాలా బరువు. కటర్ మార్చినప్పుడల్లా దాన్ని ఎత్తాలి, దించాలి. అందుకు పక్కనున్న హ్యాండిల్ తిప్పుతూనే ఉండాలి. డాక్టర్ ఆ తిప్పుడే వద్దన్నాడు. నేను తిప్పిపెడతాను కదా అన్నాను. ఈ హ్యాండిల్ నా భుజం తినేసింది, రేపు నీది తింటుంది, వద్దమ్మా అన్నారు. పదిహేనో తారీకున వెల్డింగ్ షాపాయన చూడ్డానికి వస్తాడట.

కోపం వచ్చింది. ఈ ఇంటికి వచ్చాక నాకు ఆ పని నేర్పింది ఆయనే. ఇద్దరం కలిసి కుట్టుమిషన్ల పార్టులు చేస్తుంటే పొద్దు ఎలా పోయేదో తెలిసేది కాదు. ఇప్పుడు ఒక్కదాన్నే. బోర్. రేపు అదీ ఉండదు.

జూన్ 4

తిప్పడానికి చెయ్యే ఎందుకు? మోటారు పెడితే పోలా!

పాత సామాన్ల కొట్లో కారు వైపర్ మోటారు దొరికింది. నెమ్మదిగా తిరుగుతుంది, బలం మాత్రం ఎక్కువ. అచ్చం అత్తయ్యే. (ఈ పేజీ ఆవిడ కంట పడకూడదు.) మా ఆయనతో చెప్తే, నాన్న మొండి, నువ్వు జగమొండి, మధ్యలో నన్ను లాగొద్దు అని డ్యూటీకి పోయాడు.

జూన్ 7

హ్యాండిల్ పీకేశాను. దాని ఇరుసుకి ఒక పళ్ళచక్రం, మోటారుకి ఒకటి, మధ్యన సైకిల్ చైను. స్విచ్ పైకి నొక్కితే తల కిందికి దిగింది. వైర్లు తారుమారు. మార్చి మళ్ళీ నొక్కాను. లేచింది! అంత బరువూ దానంతటది లేచింది. ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను. అత్తయ్య గుమ్మంలోంచి చూసి, దీనికి ముదిరింది అనేసి వెళ్ళిపోయారు.

జూన్ 9, మధ్యాహ్నం 3

పిన్ విరిగింది. నా ఖర్మ.

అదే రోజు, సాయంత్రం 6

జరిగింది ఇదీ. మధ్యాహ్నం బతిమాలి మామయ్యను షెడ్డుకి తీసుకొచ్చాను. మిషన్ చుట్టూ తిరిగారు. చైను ముట్టుకుని చూశారు. కానియ్, నొక్కు అన్నారు. నొక్కాను. మోటారు మూలిగింది, తల కదల్లేదు, టప్‌మంది. చక్రాన్ని ఇరుసుకి పట్టి ఉంచే పిన్ రెండు ముక్కలు.

చూస్తే తల పక్కనున్న లాక్ లివర్ బిగించి ఉంది. పని మొదలుపెట్టే ముందు తల కదలకుండా ఆ లివర్ బిగించాలి. నేను వదులు చేసే పెట్టాను, ఒట్టు. మామయ్య తన ఎడమచేతి వంక చూసుకున్నారు. చుట్టూ తిరుగుతూ ఎప్పటి అలవాటు కొద్దీ ఆయనే బిగించేశారు. ఆయనకీ తెలియదు, నేనూ చూడలేదు. హ్యాండిలైతే, తిరక్కపోతే చేతికి తెలిసేది. మోటారుకేం తెలుస్తుంది?

నేరుగా ఇంట్లోకి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

జూన్ 10

రాయబుద్ధి కావడం లేదు.

జూన్ 11

పొద్దున వెళ్ళేసరికి షెడ్డులో స్టూలు మీద మామయ్య! నాకంటే ముందు.

లాక్ బిగించి ఉంటే మోటారుకి కరెంటే రాకూడదు, అంతేగా అన్నారు. లివర్ వెనక ఒక చిన్న స్విచ్ పెట్టాలట. లివర్ వదులుగా ఉంటేనే అది నొక్కుకుని మోటారుకి కరెంటు ఇస్తుంది. స్విచ్‌ని నిలబెట్టడానికి ఒక ఇత్తడి ముక్క కోయాలి. ఎవరు కోస్తారు అని అడిగాను, ఏమీ ఎరగనట్టు. నన్ను ఎగాదిగా చూసి, నేను కాక ఇంకెవరమ్మా అన్నారు.

కొత్త పిన్ వేశాను. ఆయన బొటనవేలితో నొక్కారు. తల లేచింది, దిగింది. ముక్కను బిగించే బల్లను జరిపే చక్రాలు తేలికే, వాటితో భుజానికి పేచీ లేదు. సాయంత్రానికి ముక్క తయారు, దాని మీద స్విచ్ కూడా బిగించేశాం. ఆయన చొక్కా నిండా ఇత్తడి పొట్టు. ఉతికేదెవరని అత్తయ్య తిట్టారు. ఎన్నాళ్ళకో అంత హాయిగా తిట్టారు.

అమ్మకం మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. భయం.

జూన్ 15

వెల్డింగ్ షాపాయన రానే వచ్చాడు. మామయ్య తలను ఎత్తి, దించి చూపించారు. మోటారు కూడానా, అయితే ఇప్పుడే బండి పిలిపిస్తా అన్నాడాయన. నా గొయ్యి నేనే తవ్వుకున్నానని అర్థమైంది. ఏడుపు ఒక్కటే తక్కువ.

మీరూ ఒకసారి నొక్కి చూడండి అన్నారు మామయ్య. ఆయన నొక్కాడు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాడు. ఊహూ. ఇంట్లో చేసుకున్న తంటాలు కదండీ, ఒకరోజు నడుస్తుంది, ఒకరోజు మొరాయిస్తుంది, మీకు అంటగట్టడం న్యాయం కాదు అని మామయ్య తెగ బాధపడిపోయారు. ఆయన సణుక్కుంటూ పోయాడు.

ఎక్కడ చెడిందో అని వైర్లు వెతికి, చివరికి లాక్ చూశాను. గట్టిగా బిగించి ఉంది. ఈసారి అలవాటు కొద్దీ కాదు. మామయ్య ముఖం ఎంత అమాయకంగా పెట్టారంటే, అడగడానికి నాకే సిగ్గేసింది.

జూన్ 16

షెడ్డులో మిషన్ తల పైకి వెళ్తోంది, కిందికి వస్తోంది. మళ్ళీ పైకి. బల్ల మీద ముక్కేమీ బిగించి లేదు, కటర్ కూడా లేదు. ఏం చేస్తున్నారట మీ మామయ్య అని అత్తయ్య అడిగారు. ఏమీ లేదన్నాను. ఇద్దరం కిటికీ దగ్గరే నిలబడ్డాం.