బావగారిచ్చిన కంప్యూటరు

కొచ్కోర్, మే 6

కరాకోల్‌లో ఉన్న షర్షెన్ బావగారికి, ఒముర్జాక్ సలాం చెప్పి రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నాం. గొర్రెలు ఈనాయి. మా కోడలు, అదే మీ అమ్మాయి ఆయ్‌పెరి, కులాసా. ఫోను చేస్తే మీకు సగం వినపడదు, అందుకని కాగితం మీద పెట్టి వ్యాన్ డ్రైవరుకిచ్చి పంపుతున్నాను.

నా పొట్టేలు తీసుకుని మీరిచ్చిన కంప్యూటరు సంగతి. దాన్ని నేనేమీ అనడం లేదు, పెద్దవయసు. కానీ బటన్ నొక్కి, ఆవు పాలు పితికి, టీ తాగి వచ్చినా ఇంకా ‘స్వాగతం’ అనే అంటోంది. చుట్టాన్ని కూడా మేం అంతసేపు గుమ్మంలో నిలబెట్టం. మా వంశంలో ఏడు తరాల పేర్లు ఎక్కిద్దామని కూర్చుంటే ముత్తాత దగ్గర ఆగిపోయింది. ఆయన బతికున్నప్పుడూ అంతేనట, కూర్చుంటే లేచేవాడు కాదట.

ఏం చెయ్యమంటారు?

మీ బావ
ఒముర్జాక్

తా.క.: “మా అన్నయ్యగారు మోసం చేసే మనిషి కాదు, నీకే చేతకావడం లేదు” అంటోంది మా ఆవిడ సైరా. నేనూ అదే అనుకుంటున్నాను.

---

కరాకోల్, మే 11

ఒముర్జాక్ బావగారికి, సైరా చెల్లెమ్మకి షర్షెన్ సలాములు.

ఉత్తరం చూసి ఆశ్చర్యపోయాను. అది మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ గుర్రంలా పరిగెత్తింది. మీ ఊరి దుమ్ము లోపల చేరి ఉంటుంది. మూత విప్పి దులపండి. రెండోది, అందులో నా పాత సరుకు చాలా ఉంది. ఆ బరువుకే అది కుంటుతోంది. నాది అని కనపడిందల్లా తీసిపారెయ్యండి, నన్ను అడగక్కర్లేదు. చివర్లో చెత్తబుట్ట కూడా ఖాళీ చెయ్యండి.

ఇట్లు
షర్షెన్

తా.క.: పెద్దవయసు మాట మీరెత్తారు గనక చెబుతున్నాను. మీ రెండేళ్ళ పొట్టేలు పొద్దున పొయ్యి ఎక్కితే సాయంత్రానిక్కూడా ఉడకలేదు. మేమేమీ అనలేదు.

---

కొచ్కోర్, మే 19

గౌరవనీయులైన బావగారికి,

మీరు రాసినట్టే చేశాను. ముందు చెత్తబుట్ట ఖాళీ చేశాను, వాకిట్లోది. కంప్యూటరులోనే ఇంకొకటి ఉంటుందని తర్వాత ఆయ్‌పెరి చెప్పింది.

మూత కూడా తనే విప్పింది. నేను బాతు రెక్కతో దులిపాను. లోపల జ్ఞాపకం పెట్టుకునే ముక్కలుంటాయట, ర్యామ్ అంటారట. రెండు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. చుట్టూ వేలెడు దుమ్ము, రెండోదాని గాడి మాత్రం శుభ్రంగా ఉంది.

“ఇది ఎవరు తీశారమ్మా?” అన్నాను.

మీ అమ్మాయి మొహం ఎర్రబడింది. పాపం, చూడలేక నేనే అందించాను, “ఎలుకలేమో” అని.

“అవును మామయ్యా, ఎలుకలే” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట రొట్టె మాడింది.

రేపు కొడుకూ కోడలూ మందతో కొండమీది పచ్చికకి వెళుతున్నారు. మీ సరుకు తీసెయ్యడం నేనొక్కణ్ణే మొదలుపెడతాను.

ఒముర్జాక్

తా.క.: పొట్టేలు రెండేళ్ళదే. ఏ రెండేళ్ళన్నది మీరు అడగలేదు.

ఇంకో తా.క.: మూత బిగించాక నాలుగు స్క్రూలు మిగిలాయి. అవసరం లేనివి కాబోలు, దాచి ఉంచాను.

---

కరాకోల్, జూన్ 2

బావగారూ, క్షేమసమాచారాలు తర్వాత. ముందు ఇది చదవండి. ఏదీ తీసెయ్యకండి.

నిన్న మా చెల్లెలు కుల్బారా వచ్చింది. ఈ ఏడు అమ్మ సమాధికి రాయి పెడుతున్నాం. రాతి మీద బొమ్మ చెక్కే అతను ఫోటో అడిగాడు. పాస్‌పోర్టు ఫోటో ఒక్కటే దొరికింది. అందులో అమ్మ తప్పు చేసి పట్టుబడ్డట్టుంది. “బెక్తుర్ అన్నయ్య తీసిన ఫోటోలు నీ దగ్గరే ఉన్నాయిగా” అంది చెల్లెలు.

ఉన్నాయి. అమ్మ పోయే ముందు వేసవిలో అన్నయ్య తీసి నా కంప్యూటరులో ఎక్కించాడు. ఆ చలికాలంలో అన్నయ్యా పోయాడు. వాటికి ‘తర్వాత చూడాలి’ అని పేరు పెట్టి పక్కన పడేశాను. నాలుగేళ్ళయింది. ఒక్కటీ తెరవలేదు. తెరిస్తే ఏడుపొస్తుందని కొంత, చదరంగం ఆట మధ్యలో ఉండి కొంత. మీకు ఇచ్చేటప్పుడు గుర్తు కూడా రాలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఎలుకను నేనే. కొత్త కంప్యూటరులో చదరంగం నెమ్మదిగా ఆడుతోందని ఆ ముక్క పీకి దీంట్లో పెట్టుకున్నాను. వియ్యంకుడి దగ్గర చెయ్యాల్సిన పని కాదు. నా కూతురు నాకోసం అబద్ధం ఆడాల్సి వచ్చిందని చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆ ఫోటోలు భద్రంగా ఉన్నాయని ఒక్క ముక్క రాయండి.

షర్షెన్

తా.క.: ముక్క పెట్టాక ఆ కంప్యూటరు నన్ను పన్నెండు ఎత్తుల్లో ఓడిస్తోంది. లేనప్పుడు ఇరవై పట్టేది.

---

కొచ్కోర్, జూన్ 9

బావా,

‘గారు’ తీసేశాను, ఈ ఉత్తరం అలా రాయలేను. ఫోటోలు లేవు. మీరు రాయకముందే, మే నెలాఖరుకే అయిపోయింది. విషయం తెలిసి ఆయ్‌పెరి కొండ దిగి వచ్చి రెండు రోజులు వెతికింది. దొరకలేదు.

మీ అమ్మగారిని నేనెప్పుడూ చూడలేదు, మనం వియ్యమందేనాటికే ఆమె లేరు. అయినా ఒక ముసలామె ఫోటోలు కనపడితే ఎవరని అడగాల్సింది. అడగక్కర్లేదని మీరు రాశారు. ఎలుకల మీద కోపం నాకూ లోపల ఉంది. అందుకే అడగలేదు. ఆ తప్పు నాది. పొట్టేలుకి ఎనిమిదేళ్ళు, అదీ నాదే.

కానీ ఒక మాట వినండి. అన్నీ ఒకేసారి తీసెయ్యబోతే కంప్యూటరు బిగుసుకుపోయింది. ఒక్కొక్కటే తెరిచి తీసెయ్యాల్సి వచ్చింది. ఒక్కో ఫోటో పైనుంచి కిందికి, గీత గీతగా దిగేది. ముందు రుమాలు, కాసేపటికి నుదురు, ఇంకాసేపటికి కళ్ళు. మొహం పూర్తయ్యేసరికి నా టీ చల్లారేది. నలభై మూడు ఫోటోలకి నాలుగు రోజులు పట్టింది. ఆ ముక్క ఉండి ఉంటే నిమిషంలో పోయేవి, నేను ఒక్కటీ చూసేవాణ్ణి కాదు.

నలభై మూడూ నాకు గుర్తున్నాయి. మూడోదాంట్లో పెరుగు ఉండలు ఎండబెడుతూ పిచ్చుకల మీదికి చెప్పు ఎత్తారు. పదకొండోదాంట్లో మేక ఆమె రుమాలు నములుతోంది, ఆమెకి తెలియదు. ఇరవయ్యోదాంట్లో నేరేడురంగు కోటుకి మధ్య గుండీ లేదు. కుడి కనుబొమ్మ మీద చిన్న మచ్చ. కుల్బారాని, ఆ చెక్కే అతన్ని తీసుకుని రండి. నేను పక్కన కూర్చుని చెబుతాను, అతను గీస్తాడు. సైరా రొట్టెలు చేస్తానంది. ఈసారి లేత పొట్టేలు.

మీ ఒముర్జాక్

తా.క.: నోరు మూసుకుని ఉన్న ఫోటో ఒక్కటే ఉంది, అందులో నిద్రపోతున్నారు. మిగతా నలభై రెండింటిలోనూ మాట్లాడుతూనే ఉన్నారు. ఏం చెబుతున్నారో ఫోటోలో తెలియదుగా. అది మీరొచ్చి నాకు చెప్పాలి.