తాళం వేసిన మనిషి

మేనేజరు గారికి,

చివరి రోజు మా ఆవిడ మధ్యాహ్నం దాకా బాగానే మాట్లాడింది. ఆస్పత్రి మంచం మీదే లాప్‌టాప్ పెట్టించుకుని, మీ కంపెనీలో తను తయారుచేసిన పడవల కంప్యూటర్ ఆట తెరవబోయింది. ఆ వార్డులో నెట్ అందదు. ఇది కొన్న కాపీయో కాదో సరిచూడాలి, నెట్ కలపండి అంటూ ఆట ఆగిపోయింది. అలా సరిచూసే ప్రోగ్రాం, ఆ ఆటకి వేసిన తాళం, రాసింది తనే.

"చూశారా, నా తాళానికి నేనే దొంగనయ్యాను," అని నవ్వింది.

"ఆఫీసుకు ఫోన్ చేయనా?"

"వద్దులెండి, పనిలో ఉంటారు పాపం. అందులో ఒక పడవకి మీ ముద్దుపేరు పెట్టాను. రేపు చూద్దురుగాని."

సాయంత్రానికి తను పోయింది.

మీ మీద నాకు కోపం లేదు. మీ మొదటి ఆటను ఊరంతా కొనకుండా కాపీ కొట్టుకుంటే మీ ఆఫీసులో సగం మంది ఉద్యోగాలు పోయాయి. అందుకే ఆమె పట్టుబట్టి ఈ తాళం పెట్టింది. తాళం ఉండాల్సిందే. కానీ కొన్నప్పుడు ఒకసారి సరిచూస్తే చాలదా? తెరిచినప్పుడల్లా అడగాలా? డబ్బిచ్చి కొన్నవాళ్లలో నెట్ అందని మంచాల మీద ఉన్నవాళ్లూ ఉంటారు. దయచేసి ఆలోచించండి. తనే ఉంటే మీతో పోట్లాడైనా మార్పించేది.

మా ఇంట్లో నెట్ ఉంది. అయినా ఒక్కణ్ణే కూర్చుని ఆ ఆట తెరవలేకపోతున్నాను. రేపు ఉదయం లాప్‌టాప్ తీసుకుని మీ ఆఫీసుకు వస్తాను. ఆమెతో పనిచేసినవాళ్ల మధ్య కూర్చుని, ఆ పడవను చూస్తాను.