తలుపు వేసి మాట్లాడిన కేసు

11 ఆగస్టు 2024, ఆదివారం. సాయంత్రం

నా పేరు సూరాడ జగ్గమ్మ. నా మొగుడు పోలయ్య సముద్రంలో పోలేదు, మంచం మీదే పోయాడు. నా వయసు డెబ్బై మూడో నాలుగో. ఆధార్‌లో అరవై ఎనిమిది అని పడింది, అది వాళ్ల తప్పు. ఎచ్చెర్ల దాటి సముద్రం ఒడ్డుకు వస్తే దిబ్బలపాలెం, అదే మా ఊరు. ఇంట్లో నలుగురం. కొడుకు లక్ష్ముడు గుజరాత్‌లో వీరావల్ బోట్ల మీద ఉంటాడు, వేట నిషేధం రోజుల్లోనే ఇంటికి వస్తాడు. కోడలు నారాయణమ్మ రొయ్యల కంపెనీలో పని చేస్తుంది, తెల్లారకుండా బస్సెక్కుతుంది. మనవరాలు ఉష శ్రీకాకుళంలో హాస్టల్‌లో ఉండి బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతోంది. నేను చేపలమ్ముతాను. ఇప్పటికీ బుట్ట నెత్తి మీదే.

నాకు చదువు రాదు. రాసేది అంగన్‌వాడీ టీచరు నీలవేణి. చెప్పింది చెప్పినట్టు రాయమంటే బడి భాషలోకి దిద్ది రాస్తోంది. మాట మారితే మారనీ, కేసు మారితే ఊరుకోనని ముందే చెప్పాను. తేదీలు వేసి రోజువారీగా రాయిస్తే కంప్లైంట్‌కు బలం ఉంటుందని మా కులపెద్ద జగన్నాధం అన్నాడు.

కేసు ఇది. ఉష కాలేజీలో ఝాన్సీ అని ఒక కౌన్సెలింగ్ మేడమ్ ఉంది. చీపురుపల్లి వైపు పొలాలున్న వాళ్ల పిల్ల. మా పాలెం నుంచి కాలేజీకి వెళ్లేవాళ్లు నలుగురు. ఆ నలుగురూ కాలేజీలో ఆమె గది మెట్లు ఎక్కరట. అందుకని ఆమే ప్రతి ఆదివారం మా ఊరొచ్చి తుఫాను షెల్టర్‌లో కూర్చుంటోంది. ఇవాళ ఉషను ఒక్కదాన్నే లోపలికి పిలిచి తలుపు వేసింది. నేను కూర దించి వెళ్లేసరికి కూడా తీయలేదు.

ఉష జూలై నుంచి ఇంటి దగ్గరే ఉంది. జ్వరమంది. నేను పట్టి చూశాను, జ్వరం లేదు. తల దువ్వదు. రెండు ముద్దలు తిని కంచం జరిపేస్తుంది.

తలుపు తీశాక, "ఏటమ్మా, మా పిల్లతో అంతసేపు ఏటి మాట్లాడినావు?" అని అడిగాను. ఉష చెప్పింది ఉషదే మామ్మగారూ, నేను బయట చెప్పకూడదు అంది. ఉషను కూడా గట్టిగా అడగొద్దని పైగా నాకే బుద్ధి చెప్పింది.

మా పాలెంలో పగటిపూట తలుపు వేసుకునేది ఇద్దరే. కొత్తగా పెళ్లయినవాళ్లు, దొంగ సరుకు కొన్నవాళ్లు. నవ్వకు నీలవేణీ, రాయి.

13 ఆగస్టు, మంగళవారం

కాలేజీ వెనక వీధిలో లెక్చరర్ల ఇళ్లు నాకు వాడుక. "కలెక్టరమ్మ మామ్మొచ్చింది, కానాగంత చేపలు తెచ్చింది" అని కేకేస్తాను. ఉష కలెక్టర్ అవుతుందని నేనే చెప్పుకున్నాను, అక్కడ అందరూ నన్ను అలాగే పిలుస్తారు. ఇంటర్‌లో ఉషకు వచ్చిన మార్కులు ఆ వీధి మొత్తానికి నోటికి వచ్చు. నేనే నేర్పాను.

ఇవాళ ఒక లెక్చరర్ భార్య చేప మొప్ప ఎత్తి చూస్తూ, ఉషకు రెండు సబ్జెక్టులు పోయాయట కదా మామ్మా అంది. ఝాన్సీ దగ్గరికి పంపుతున్నారా, ఆవిడ మెంటల్ కేసులు చూస్తుంది అని కూడా అంది. నాకు బుట్ట ఎత్తడానికి చేతులు రాలేదు. ఆమే ఒక చేయి వేసింది.

ఇంటికొచ్చి ఉషను అడిగాను, ఆవిడకి ఏం చెప్పావే అని. గోడ వైపు తిరిగింది.

14 ఆగస్టు

ఇవాళ కూడా అడిగాను. పొద్దున, మధ్యాహ్నం, మళ్లీ కంచం ముందు.

17 ఆగస్టు, శనివారం

జగన్నాధం దగ్గరికి మళ్లీ వెళ్లాను. వరసకు మరిది. మా ఊళ్లో వల చిరిగినా, మొగుడు కొట్టినా పెద్దల ముందుకే రావాలి. అక్కడ అన్నీ గొంతెత్తి చెప్పాలి. చెప్పకుండా దాచుకున్నవాడిదే తప్పు. వాడికి ఊళ్లో ఎవరూ మంచినీళ్లు కూడా ఇవ్వరు.

"వదినా, సదువుకున్న మనిషి. పంచాయితీకి రమ్మంటే వస్తాదా?" అన్నాడు.

"ఆవిడ వస్తాదో రాదో నాకెందుకు. నువ్వు పెద్దవో కాదో రేపు తేల్తాది" అన్నాను. అంతే, మీసం సవరించుకున్నాడు.

ఉషకు చెప్పలేదు.

18 ఆగస్టు, ఆదివారం. సాయంత్రం

అంతా రాయి. నేనన్న మాటలు కూడా రాయి.

ఝాన్సీ వచ్చింది. బెదరలేదు. షెల్టర్ ముందు ఇసుకలో మగవాళ్లు కూర్చున్నారు, వెనక ఆడవాళ్లం నిలబడ్డాం. నారాయణమ్మ ఒక్కతే లేదు, ఆమెకు ఇవాళ డ్యూటీ.

"మా పిల్ల నీకేటి సెప్పిందో పదిమందిలో సెప్పీ తల్లీ. తప్పు లేకపోతే టీ తాగి ఎల్దువు" అన్నాడు జగన్నాధం. చెప్పనంది. మీ పిల్లలు నన్ను నమ్మి చెప్పుకున్నవి బాబాయ్, ఊళ్లోకి రావొద్దంటే మానేస్తాను కానీ అవి మాత్రం చెప్పను అంది.

అప్పుడు నేను ముందుకొచ్చాను. "మా పిల్లకి పిచ్చని కాయితం మీద రాసి జీతం పుచ్చుకుంతన్నావా? మీ పొలాల్లో పిచ్చోళ్ళు దొరకలేదేటి, మా ఇసకలోకి వచ్చినావు?" అన్నాను. ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుంది.

తీర్పు చెప్పేశారు. ఆమెకు మా ఊళ్లో నీళ్లు పుట్టకూడదు. మిగతా ముగ్గురు పిల్లలూ ఆమెతో మాట్లాడకూడదు. కాలేజీకి కంప్లైంట్ వెళ్లాలి. కాగితం ముందే రాయించి ఉంచాడు జగన్నాధం. నేను వేలు సిరాలో ముంచి ముద్ర వేశాను.

తల ఎత్తేసరికి ఎదురుగా ఉష. ఎవరు చెప్పారో తెలియదు, దువ్వని జుట్టుతో అలాగే వచ్చేసింది. ఝాన్సీ లేచి, నువ్వేమీ చెప్పనక్కర్లేదు ఉషా, ఇంటికి వెళ్లు అంది. ఉష వెళ్లలేదు. ఎవరినీ చూడలేదు. ఇసుకను చూస్తూ చెప్పింది.

"రెండు పేపర్లు పోనాయి. దానికి కాదు. మామ్మ బుట్టలో చేపతో పాటు నన్నూ ఈది ఈదీ తిప్పుతాది. నేను ఫెయిలైనానని ఆళ్ళకి తెలిస్తే మామ్మ మొకం ఎలాగవుద్దో అనుకుంటే నాకు ఊపిరాడదు. ఒకరోజు ఇంక తిరిగి రాకూడదని సముద్రం కాడికి ఎల్లినాను. భయమేసి వచ్చేసినాను. మేడమ్‌కి సెప్పింది అదే. ఇప్పుడు అందరికీ సెప్పినాను కదా. ఇంక ఆవిడికి నీళ్ళియ్యండి."

ఎవరూ నవ్వలేదు. సిరా వేలు ఎక్కడ తుడుచుకోవాలో నాకు తెలియలేదు.

19 ఆగస్టు

ఇవాళ ఏమీ లేదు నీలవేణీ. వెళ్లు.

22 ఆగస్టు, గురువారం

జగన్నాధం ఆ కాగితం కాలేజీకి పంపేశాడు. ఆపమంటే, పంచాయితీ అయిపోయాక ఆపేదేముంది అన్నాడు.

ఆడవాళ్లు కూరగిన్నెలు పట్టుకుని వస్తున్నారు. ఒకామె దిష్టి తీయమంటుంది, ఒకామె పెళ్లి చేసేయమంటుంది. ఉష మంచం పక్కనే నిలబడి, ఉష చెవిటిదైనట్టు చెబుతున్నారు. తిడదామని నోరు తెరుస్తాను. వాళ్లను ఈ సంగతిలోకి పిలిచింది ఎవరు? నేనే. మూసేస్తాను.

నారాయణమ్మ కంపెనీ నుంచి వచ్చి చేతులు కడుక్కుంటూ అంది, "అత్తా, నా కూతురు సచ్చిపోదామనుకున్నాదని నేను కంపెనీ బస్సులో ఇన్నాను. పక్కసీటామె సెప్పింది." గొంతు పెంచలేదు. ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆమె నాకు ఎదురు చెప్పింది లేదు. ఇది కూడా ఎదురు చెప్పడం కాదు. సబ్బు అడిగినట్టు అంది.

ఉష నాతో మాట్లాడటం లేదు. పిలిస్తే కళ్లు మూసుకుంటుంది.

24 ఆగస్టు, శనివారం. ఉదయం 6 గంటలు

ఇప్పుడే రాయాలని నీలవేణిని లేపి తెచ్చాను. మధ్యాహ్నానికి నేను మాట మార్చేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

లేచేసరికి మంచం మీద ఉష లేదు. ఒడ్డుకు పరిగెత్తాను. "పిల్ల పోయింది రా, నా పిల్ల పోయింది" అని అరిచాను. చేపలమ్మి పెంచిన గొంతు నాది, ఊరి ఈ చివర అరిస్తే ఆ చివర వాళ్లు లేస్తారు. బోటు తోస్తున్న మగవాళ్లు తాళ్లు వదిలేసి నీళ్లలో దూకారు. తెప్పల వాళ్లు దూకారు. ముసలివాళ్లు కూడా మోకాళ్లలోతు దిగారు.

ఉష ఇంటి వెనక బోరింగ్ దగ్గర బట్టలు ఉతుకుతోంది. అరుపులు విని, పిండుతున్న లంగా చేతిలో పట్టుకునే వచ్చింది. నీళ్లలో ఉన్నవాళ్లంతా వెనక్కి తిరిగి ఆమెనే చూశారు. ఆమె నన్ను చూసింది.

ఇన్ని వారాల తర్వాత తనంతట తాను లేచి బట్టలు ఉతుక్కుంది పిల్ల. దానికి నేను ఊరంతటినీ పోగేశాను.

27 ఆగస్టు, మంగళవారం

బుట్ట లేకుండా శ్రీకాకుళం వెళ్లాను. కాలేజీలో ఝాన్సీ గదికి తాళం వేసి ఉంది. మా కంప్లైంట్ మీద కాలేజీ వాళ్లు కమిటీ వేశారట, అది తేల్చేదాకా పిల్లలను చూడొద్దన్నారట. ఆమె అద్దె గది అడుగుతూ అడుగుతూ పట్టుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చింది. ఆ గ్లాసు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, తాగలేకపోయాను.

ఉష ఎలా ఉందని ఆమే అడిగింది. శనివారం సంగతి చెప్పాను. ఒంటరిగా వదలొద్దు, అలాగని కాపలా కాసినట్టు కాయొద్దు, బట్టలు ఉతుకుతుంటే మీ చీర కూడా తెచ్చుకుని పక్కన కూర్చోండి అంది. పెద్దాసుపత్రిలో డాక్టరుకు ఒకసారి చూపించమంది. రాత్రీ పగలూ పలికే గవర్నమెంట్ ఫోన్ నంబర్ ఒకటి రాసి, ఉష చేతికే ఇమ్మంది.

"నువ్వు రావా తల్లీ?" అన్నాను.

కమిటీ వెళ్లమనాలి, మీ ఊరు రానివ్వాలి, వీటన్నిటికంటే ముందు ఉష రమ్మనాలి అంది. అందులో రెండింటికి అడ్డం నేనే పడ్డాను. మూడోదాని సంగతి నాకు తెలియదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నోరు విప్పలేదు. ఆటోవాడు రోజూ నా మాటలకు విసుక్కునేవాడే, ఒంట్లో బాగోలేదా మామ్మా అని అడిగాడు.

28 ఆగస్టు

నా చీర ఉతికాను. పక్కనే ఉతికాను. ఉష సబ్బు నా వైపు జరిపింది.

1 సెప్టెంబరు, ఆదివారం

పంచాయితీ పిలిపించాను. "ఎవలి మీద వదినా?" అన్నాడు జగన్నాధం. "నా మీద" అన్నాను. "మామ్మకి కూడా కౌన్సెలింగ్ కావాలేటి" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వారు.

"ఆ మేడమ్ తప్పు సేయలేదు. నేను సేసినాను. నా మనవరాలి కడుపులో మాట ఈదిలోకి లాగినాను. ఆ కాయితం ఎనక్కి తీసుకోండి, తప్పు నా మీద ఎయ్యండి" అన్నాను.

"మాట ఎనక్కి తీసుకుంటే రేపు మన మాట ఎవుడింతాడు?" అన్నాడు జగన్నాధం. అందరూ తలలూపారు. ఇంక అయిపోయిందని లేవబోతున్నారు. నాకు ఒళ్లు మండింది.

"నీ కొడుకు యుగంధర్ కూడా ఆవిడ కాడ కూకున్నాడు కదరా. ఆడేటి సెప్పుకున్నాడో ఇప్పుడే అడుగుదుమా? పిలు, పదిమందిలో సెప్తాడు" అన్నాను.

కాలేజీకి వెళ్లే ఆ నలుగురిలో ఒకడు యుగంధర్, అక్కడే, గుంపు చివర కూర్చున్నాడు. లేచి, ఎవరినీ తోసుకోకుండా, తలవంచుకుని వెళ్లిపోయాడు. జగన్నాధం కొడుకు వెళ్లిన దారే చూస్తూ, "కాయితం ఎనక్కి తీసుకుందాం, ఆవిడ్ని ఊళ్లోకి రానిద్దాం" అన్నాడు. ఆ గొంతు పెద్దమనిషిది కాదు, తండ్రిది.

నేను గెలిచాను. మళ్లీ అదే పని చేసి గెలిచాను. ఈసారి ఇంకొకరి బిడ్డతో.

4 సెప్టెంబరు, బుధవారం

కమిటీకి వేరే కాగితం రాయించి నేనే కాలేజీకి పట్టుకెళ్లాను, అరపేజీ. అందులో నా తప్పు ఉంది, ఉష మాటలు లేవు. బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. ఒకాయన కళ్లజోడు సర్దుకుని, ఇంతకీ ఆ అమ్మాయి ఏం చెప్పిందటమ్మా అని అడిగాడు. "మీకెందుకు బాబూ" అన్నాను.

ఝాన్సీని పనిలోకి రమ్మన్నారు.

వచ్చేటప్పుడు జగన్నాధం ఇంటికి వెళ్లి యుగంధర్‌ను క్షమించమన్నాను. "పర్లేదు మామ్మా" అన్నాడు. అని తలుపు వేసుకున్నాడు.

9 సెప్టెంబరు, సోమవారం

లెక్చరర్ల వీధిలో "కానాగంతలు" అని మాత్రమే అరిచాను. ఒకామె బయటికొచ్చి, ఏం కలెక్టరమ్మ మామ్మా, గొంతు తగ్గింది అంది. తూచి ఇచ్చి వచ్చేశాను.

ఉష మొన్న శుక్రవారం నారాయణమ్మతో పెద్దాసుపత్రికి వెళ్లి వచ్చింది. మందులు ఇచ్చారు. ఝాన్సీకి ఫోన్ కూడా చేసిందట. నాకు చెప్పింది నారాయణమ్మ.

15 సెప్టెంబరు, ఆదివారం

ఝాన్సీ వచ్చింది. షెల్టర్ తలుపు వేసుకున్నారు. నేను ఒడ్డున ఎండుచేపలు తిరగేశాను. ఎండినవి కూడా మళ్లీ తిరగేశాను. ఉష బయటికొచ్చింది. నేను ఏమీ అడగలేదు.

కేసు అని మొదలుపెట్టాను కనుక వేలిముద్ర వేసి ముగిస్తున్నాను. ఉష సాక్షి సంతకం పెడుతుందేమో అడగమని ఈ పుస్తకం ఇచ్చి నీలవేణిని పంపాను. ఉష పుస్తకం తీసుకుని నా దగ్గరికి వచ్చింది. అట్ట మీద ఇసుక దులిపింది.

"ముందు సదివి సెప్తాను" అంది. నాతోనే అంది.

సూరాడ జగ్గమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
నీలవేణి, అంగన్‌వాడీ టీచరు, రాసిన మనిషి
సూరాడ నారాయణమ్మ, కోడలు
. . . . . . . . . .