చోటు మారిన పేజీలు

రాజమండ్రి,
శుక్రవారం మధ్యాహ్నం.

సుప్రియా,

ఇక్కడ నేను, అమ్మ, నా అరవై సీసాల ఈగలు క్షేమం. రామచంద్రపురంలో నువ్వు, మామయ్యగారు, అత్తయ్యగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. వేళకి తింటున్నాను. ఈగలకి మేత వండి వండి ఒళ్ళంతా బెల్లం, అరటిపండు వాసనే. బస్సులో పక్కవాళ్ళు నన్ను ప్రసాదం పంచేవాడనుకుంటున్నారు. మన రక్తపరీక్షల రిపోర్టు గురించి చివర రాస్తాను.

కాలేజీ ల్యాబులో రోజంతా ఏం లెక్కపెడతానని కదా రెండోది. ఈథర్ మత్తు పట్టించి ఈగల్ని నిద్రపుచ్చి, తెల్లటి పలక మీద పరిచి, కుంచెతో ఒక్కొక్కటే పక్కకి జరుపుతాను. ఆ వాసనకి నా కళ్ళూ మూతపడుతుంటాయి. కిటికీలోంచి గోదావరి వెలుగు వచ్చి పలక మీద ఆడుతుంటే, ఇవి కలలు కంటున్నాయేమో అనిపిస్తుంది.

వాటిలో గోధుమరంగు కళ్ళవి ఒక రకం. వాటి క్రోమోజోముల్లో రెండింటి చివరలు ఒకదానివి ఒకదానికి అతుక్కున్నాయి, రెండు పుస్తకాల చివరి పేజీలు తారుమారుగా కుట్టినట్టు. ఒక్క పేజీ కూడా పోలేదు కాబట్టి ఈగ నిక్షేపంగా ఎగురుతుంది. గుడ్లలో మాత్రం సగం దాకా పిల్లలు కావు. మామూలు ఈగలతో కలిపి ఇరుకు సీసాలో పెడితే తరతరానికీ తగ్గిపోతాయి. ఎన్ని మిగిలాయో అదే నేను పెట్టే లెక్క.

మా ల్యాబు రాజరాజేశ్వరి మేడమ్ ఇది చెప్పిన రోజు కుంచె కింద పెట్టేశాను. అదే మాట ముందురోజు డాక్టరుగారి కాగితంలో చదివాను. సుప్రియా, నీ రిపోర్టులో ఏ దోషమూ లేదు. పేజీలు తారుమారైంది నాలో. మన బిడ్డలిద్దరూ కడుపులో నిలవకపోవడానికి కారణం నాలో ఉంది.

ఇది తెలిసి నెల దాటింది. బిక్కవోలు గుడిలో షష్ఠికి అమ్మ నీకు పుట్ట మీద ఉంచి తీసిన నాగులచీర కట్టించి, పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళతో గుడి వెనక పడుకోబెట్టింది చూడు, అప్పటికే ఆ కాగితం నా చొక్కా జేబులో ఉంది. నువ్వు కళ్ళు మూసుకుని నేల మీద ఉన్నావు. పుట్టింటి దోషం పిల్లకి రాక ఎక్కడికి పోతుందని అమ్మ పక్కావిడతో అంటోంది. నువ్వూ విన్నావు, నేనూ విన్నాను. నోరు విప్పలేదు. ఆ సాయంత్రమే నువ్వు పుట్టింటికి వెళ్ళిపోయావు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న అమ్మకి చెప్పాను. చేతిలో పని పక్కన పెట్టేసింది. తర్వాత, "అయితే పిల్లని ఊరికే అన్నాన్రా. ఏ మొహం పెట్టుకుని రమ్మంటాను?" అంది.

మనకి పిల్లలు కలిగే దారి పూర్తిగా మూసుకుపోలేదని డాక్టరుగారు అన్నారు. ఇవాళ ఒక సీసాలో ఆ రకం అయిపోయిందనుకుని కడగబోతే, అడుగున గోధుమకళ్ళవి రెండు కదులుతున్నాయి. సీసా కడగలేదు. కిటికీ దగ్గర పెట్టి వచ్చాను.

రావడం, రాకపోవడం నీ ఇష్టం. రమ్మని అడిగే హక్కు నాకు లేదు. నాగులచీర మడతపెట్టి నా బీరువాలో ఉంచాను. వచ్చే షష్ఠికి మొక్కు నాది. గుడి వెనక, అమ్మ చూస్తుండగా, అందరి ఎదుటా నేనే పడుకుంటాను. మగాడివి నీకేంటని ఎవరైనా అడిగితే, ఈసారి చెప్తాను.

ఇట్లు,
ఆలస్యంగా నోరు విప్పిన నీ బావ,
పృథ్వీ